గొలుసు లేని బండి

మా అమ్మ కుడికాలి చెప్పు కాలవలో పడి కొట్టుకుపోయిన సాయంత్రం ఈ కథకి నాంది. నాంది అన్నాను గనక సూత్రధారుడు కూడా ఉండాలి. ఆ సూత్రధారుడు నా మోటారు సైకిలు చైను. మామూలు నాటకాల్లో సూత్రధారుడు వచ్చేకనే కథ నడుస్తుంది. ఇక్కడ సూత్రం తెగేక నడిచింది.

మాది ఓడలరేవు. వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటు. పేరులో ఓడలున్నా మాకు రోజూ కనిపించేవి వేట పడవలు, రాత్రిళ్ళు ఓ.ఎన్.జి.సి. వారి గ్యాసు టెర్మినలు దీపాలూను. నేను అమలాపురంలో ఒక కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతాను. మా నాన్న కట్టించిన ఇల్లూ, మా ఆవిడ బడి ఉద్యోగమూ రెండూ ఊళ్ళోనే ఉండడంవల్ల రోజూ తిరగడం నా వంతుకి వచ్చింది. రానూ పోనూ 40 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఏడాదికి 220 పనిదినాలు వేసుకున్నా 8,800. పెళ్ళిళ్ళూ, పేరంటాలూ, ఆస్పత్రులూ కలిపితే 10,000కి తగ్గదు.

ఈ 10,000 కిలోమీటర్లూ ఒక్క తీరున ఉండవు. కావ్యంలో రుతువర్ణన ఎలా ఉన్నా మా రోడ్డు మీద రుతువులు నాలుగే. వేసవిలో ఇసక. జూను నుంచి వాన. అక్టోబరు, నవంబరుల్లో తుపాను. సంక్రాంతి ముందు మంచు. ఈ నాలుగింటిలోనూ విడవకుండా ఉండేది ఉప్పుగాలి. ఇంట్లో కిటికీ ఊచలు, బావి గిలక, గొడుగు కమ్మీలు, దేన్నీ వదలదు. ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది. తేమ ఉన్నంతసేపూ ఇనుము తుప్పు పడుతూనే ఉంటుంది. ఇక మోటారు సైకిలు చైను సంగతి చెప్పేదేముంది? వందపైచిలుకు లింకులు, ప్రతి లింకుకీ ఒక పిన్ను, పిన్ను చుట్టూ చిన్న బుష్షు, వీటిమీద నామమాత్రంగా నూనె. వాన ఆ నూనెని కడుగుతుంది. ఇసక ఆ చోటుకి చేరి ఆకురాయిలా అరగదీస్తుంది. మిగిలింది ఉప్పు చూసుకుంటుంది.

2025 ఆగస్టులో ఒక సాయంత్రం. అమ్మకి నీటికాసులు. మూడు నెలలకోసారి అమలాపురంలో కళ్ళ డాక్టరుగారికి చూపించుకోవాలి. ఆవేళ చూపించుకుని తిరిగి వస్తున్నాం. అల్లవరం దాటేం. సన్నగా తుంపర. బండి ముప్ఫై మీద ఉందో లేదో. వెనక చక్రం దగ్గర ఫటుక్కుమని పెద్ద చప్పుడైంది. చక్రం ఒక్కసారి బిగుసుకుపోయింది. బండి అడ్డంగా జారి కాలవ గట్టువైపు పోయింది. గట్టు మీద ఒక కొబ్బరి మోడు ఉండబట్టి అక్కడ ఆగేం. లేకపోతే ఈ శీర్షిక ఈ వారం ఇంకెవరైనా రాసి ఉండేవారు. అమ్మకి మోచెయ్యి చెక్కుకుపోయింది. నాకు మోకాలు. చెప్పు మాత్రం కాలవలో తేలుతూ వెళ్ళిపోయింది.

ఎవరో పుణ్యాత్ములు ఆటో ఆపి అమ్మని ఇంటికి చేర్చేరు. మర్నాడు బండిని ట్రాలీలో అమలాపురం మా మెకానిక్కు దగ్గరికి చేర్చేను. ముప్ఫై ఏళ్ళుగా స్పానరు పట్టిన మనిషి. తెగిన చైను చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పి చూసేడు.

"ఈ లాకు ఎవరేసేరండీ మాస్టారూ?"

"రెండు నెలల క్రితం దారిలో చైను ఊడితే ఎవరో వేసి పంపించేరోయ్."

"తిరగేసేరండి. ఈ క్లిప్పు చూడండి, చేపలా ఉంటాది. మూసున్న వైపు తల, చీలిన వైపు తోక. చైను ఎటు నడుస్తాదో అటు తల ఉండాలండి. దీన్ని తోక ముందుకి పెట్టి ఈదమన్నారు. ఎన్నాళ్ళీదుతాదండి?"

తర్వాత వెనక పళ్ళచక్రం చూపించేడు. పళ్ళు ఒక పక్కకి వంగి గాలపు ముళ్ళలా ఉన్నాయి. అవి అలా అయ్యేయంటే చైను ఎప్పుడో సాగిపోయిందన్నమాటట.

"టకటకమని చప్పుడొస్తాది కదండి. వినపడలేదాండీ?"

"వినపడింది."

"మరి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. పరీక్ష పేపర్లు దిద్దుతున్నాననీ, వానలు తగ్గేక చూద్దామనుకున్నాననీ చెబితే బావుండదు. పిల్లలు హోంవర్కు చెయ్యకపోతే చెప్పే సాకుల్లాగే ఉంటాయవి. 1,800 రూపాయలకి చైనూ, ముందు వెనక పళ్ళచక్రాలూ కొత్తవి వేయించేను. అరగంట పట్టింది.

అరగంటలో బండి బాగుపడింది గాని అమ్మ మనసు బాగుపడలేదు. "ఆ బండి మీద నేనెక్కను" అంది. నవంబరులో డాక్టరుగారి దగ్గరికి వెళ్ళవలసిన రోజు వచ్చింది. బస్సులో నిలబడలేనంది. ఆటోలో ఎనమండుగురి మధ్య ఇరుక్కోలేనంది. "చుక్కలు వేసుకుంటున్నాను కదరా, కళ్ళు బాగానే కనపడుతున్నాయి" అంది. నీటికాసులతో వచ్చిన చిక్కే అది. చాలామందికి నొప్పి ఉండదు, ఎర్రబడదు. చూపు అంచులనుంచి మెల్లిగా తగ్గుతూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. కనిపెట్టవలసింది పరీక్షలోనే. ఆ సంగతి డాక్టరుగారు నాకు చెప్పేరు, నేను అమ్మకి చెప్పేను. విన్నాక ఆవిడ నెమ్మదిగా అంది:

"మీ నాన్న బండికి గొలుసుండేది కాదుగా?"

నిజమే. మా నాన్నది చేతక్ స్కూటరు. ఇంజను వెనక చక్రం పక్కనే ఉండేది. గేరుపెట్టెలోంచి వచ్చే ఇరుసుకే చక్రం బిగించి ఉండేది. మధ్యలో గొలుసుకి చోటే లేదు. 1996 నవంబరు 6న కోనసీమ మీద తుపాను పడ్డప్పుడు నేను పదో తరగతి. కొబ్బరిచెట్లు పుల్లల్లా విరిగిపోయేయి. స్కూటరు పశువుల పాక కింద పడి, నీళ్ళలో రెండు రోజులుంది. మూడోనాడు నాన్న దాన్ని బయటికి లాగి, పెట్రోలు ఒంపేసి, ప్లగ్గు ఆరబెట్టి, గేరు నూనె మార్చి, కిక్కు కొట్టేడు. ఎన్ని కిక్కులో లెక్కపెట్టలేదు గాని చివరికి పలికింది. కాట్రేనికోన వైపు ఉన్న మా మేనత్త సంగతి తెలుసుకోడానికి పడిపోయిన చెట్లమీదుగా నలుగురి చేత ఎత్తించుకుంటూ దాని మీదే వెళ్ళేడు. అత్త క్షేమంగా ఉందన్న కబురు ఆ బండి మీదే వచ్చింది. అందుకని అమ్మ దృష్టిలో గొలుసు లేని బండే బండి.

ఆ రాత్రి నేనొక తీర్మానానికి వచ్చేను. స్కూటరు చిన్న చక్రాలు మన రోడ్లకి పనికిరావు. మోటారు సైకిలే కావాలి, దానికి గొలుసు ఉండకూడదు. అలాటిది ఉందా? ఉంది. దానికి షాఫ్టు ఉంటుంది.

షాఫ్టు అంటే తెలియనిదేమీ కాదు. లారీ కింద వంగి చూస్తే గేరుపెట్టె నుంచి వెనక ఇరుసుదాకా గిరగిరా తిరిగే పొడుగాటి గొట్టం కనిపిస్తుంది చూడండి, అదే. మా ఊరి మరపడవల్లో ఇంజనుకీ నీళ్ళలో పంకాకీ మధ్యనున్న కడ్డీ కూడా ఆ జాతిదే. మోటారు సైకిలులో ఇది ఒక మూసిన గొట్టంలో ఉంటుంది. చక్రం గుంటల్లో పైకీ కిందికీ ఆడుతుంది గనక కడ్డీకి మధ్యలో కీలు కావాలి. దాన్ని మన మెకానిక్కులు క్రాసు అంటారు. పుస్తకాల్లో కార్డాను కీలు అంటారు. 16వ శతాబ్దంలో ఇటలీలో ఉన్న కార్డానో అనే పండితుడి పేరు మీద వచ్చిన మాట అది. కడ్డీ చివర ఏటవాలు పళ్ళున్న చిన్న చక్రం ఒకటి, దానికి పట్టి తిరిగే పెద్ద చక్రం మరొకటి ఉంటాయి. క్రౌను, పినియను అంటారే, అవి. ఈ రెండూ కలిసి తిరుగుడుని పక్కకి మళ్ళించి వెనక చక్రానికి అందిస్తాయి. ఈ పళ్ళచక్రాలు నూనెలో మునిగి ఉంటాయి. వాన తగలదు, ఇసక తగలదు, ఉప్పుగాలి తగలదు.

తెలుగు మాస్టారిని గనక నాకు ఇంకోలా తోచింది. చైను అంటే ముక్తపదగ్రస్తం. ఒక పాదం ఎక్కడ వదిలితే రెండోది అక్కడ అందుకోవాలి. ఒక్క చోట పట్టు తప్పితే పద్యమంతా పోయింది. షాఫ్టు దీర్ఘసమాసం. మొదటినుంచి చివరిదాకా ఒకే ఊపు. మధ్యలో ఒకటో రెండో సంధులు. ఆ సంధులు కుదిరినంతకాలం ఢోకా లేదు. విసంధి దోషం పట్టిందా, విప్పి చెప్పగల పండితుడు ఊళ్ళో ఉండాలి. ఈ చివరి మాట నాకు అప్పట్లో తట్టలేదు.

చదివినకొద్దీ ఈ షాఫ్టు చరిత్ర నన్ను ఆకట్టుకుంది. బెల్జియంలో ఎఫ్.ఎన్. అనే తుపాకుల కంపెనీ 20వ శతాబ్దం మొదట్లోనే నాలుగు సిలిండర్ల మోటారు సైకిలుకి షాఫ్టు పెట్టింది. 1923లో జర్మనీలో మాక్స్ ఫ్రిట్జ్ అనే ఇంజనీరు గీసిన బి.ఎం.డబ్ల్యు. ఆర్ 32 దానికి శాశ్వతమైన రూపం ఇచ్చింది. ఇంజను సిలిండర్లు రెండూ చెరో పక్కకీ చేతులు చాపినట్టుంటాయి, షాఫ్టు తిన్నగా వెనక్కి వెళుతుంది. ఆ కుదురు నేటికీ ఆ కంపెనీ బళ్ళలో ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో ఎడారి ఇసక చైన్లను తినేస్తోందని అమెరికా సైన్యం హార్లీ డేవిడ్‌సన్ వారిచేత ఆ జర్మను పద్ధతిలోనే ఎక్స్.ఎ. అనే బండి చేయించింది. సుమారు వెయ్యి తయారయ్యేయి. ఇంగ్లండులో 1948లో వచ్చిన వెలోసెట్ ఎల్.ఇ. అనే నెమ్మదైన షాఫ్టు బండిని పోలీసులు గస్తీ తిరగడానికి వాడుకున్నారు. 1978లో వచ్చిన హోండా సి.ఎక్స్. 500 లండనులో ఉత్తరాలూ కట్టలూ బట్వాడా చేసే కుర్రాళ్ళకి అన్నం పెట్టింది. ఎడారి ఇసక, లండను వాన, ఏడాది పొడుగునా చాకిరీ. అచ్చంగా నా అవసరమే కదా!

మనకీ ఈ షాఫ్టుతో చుట్టరికం లేకపోలేదు. ఇటలీలో 1947లో మొదలైన లాంబ్రెట్టా స్కూటర్లలో తొలినాటివి చాలా వాటికి షాఫ్టే ఉండేది. 1950లలో బొంబాయిలోని ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా వారు ఆ స్కూటర్లని మన దేశంలో కూర్చి అమ్మేరు. 1958లో వచ్చిన ఎల్.ఐ. రకంతో లాంబ్రెట్టావారు షాఫ్టు మానేసి, పెట్టెలో మూసిన చైనుకి మారిపోయేరు. ఈ సంగతి చదివినప్పుడు నేను గమనించవలసింది ఒకటుంది. షాఫ్టు తెలిసినవాళ్ళే దాన్ని వదిలి, చైనునే వానా దుమ్మూ తగలకుండా మూసిపెట్టుకున్నారు. కాని మోజులో ఉన్నవాడికి తనకి అనుకూలమైన వాక్యాలే కళ్ళకి ఆనుతాయి. నీటికాసులు అమ్మ ఒక్కదానికే కాదు.

మన దేశంలో రోజువారీ వాడకానికి తయారయ్యే మోటారు సైకిళ్ళు దాదాపు అన్నీ చైనువే. షాఫ్టు కావాలంటే పెద్ద విదేశీ బండి కొనాలి. కొత్తది నా ఊహకి అందదు. పాతది ఎంతలో వస్తుందో చూడమని హైదరాబాదులో ఉన్న మా బావమరిదికి చెప్పేను. నా దగ్గర లక్షన్నర ఉంది. అదీ మా అమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన దానిలోంచి తాత్కాలికంగా తీద్దామనుకున్నది. ఈ సంగతి మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

డిసెంబరులో ఒక పెళ్ళికి హైదరాబాదు వెళ్ళేం. బావమరిది నన్ను ఒక పాతబళ్ళ వ్యాపారి దగ్గరికి తీసుకెళ్ళేడు. అక్కడుంది ఆ బండి. నల్లగా, నిండుగా, మొదటి ఆశ్వాసాంతంలో ప్రబంధనాయకుడిలా. వయసు పన్నెండేళ్ళు. ధర తొమ్మిది లక్షలు.

"తొమ్మిదా?" అన్నాను.

"కొత్తదైతే ఎంతో తెలుసా బావా?" అన్నాడు మా బావమరిది. తెలుసుకోలేదు. చూడ్డానికి డబ్బులక్కర్లేదు గనక చూసేం. మా మెకానిక్కు బయల్దేరేముందు ఒక కాగితం మీద ఏమేం చూడాలో రాసిచ్చేడు. బండి నాకు దక్కకపోయినా ఆ కాగితం పాఠకులెవరికైనా పనికి రావచ్చు.

షాఫ్టు బండి పాతది కొనేటప్పుడు మొదట దాన్ని నడిమి స్టాండు మీద పెట్టాలి. వెనక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. కదిలిందంటే బేరింగు పోయిందన్నమాట. తర్వాత బండిని గేరులో ఉంచి చక్రాన్ని ముందుకీ వెనక్కీ కదపాలి. కొంచెం ఆట ఉండడం సహజం. కటక్కుమని చప్పుడైతే పళ్ళో, కీలో, కడ్డీ చివరి గాడులో అరిగి ఉంటాయి. కీలు మీద రబ్బరు తొడుగు ఉంటుంది. అది చిరిగితే నీరు లోపలికి పోతుంది. వెనక పెట్టె చుట్టూ నూనె చెమ్మ ఉందేమో వేలితో రాసి చూడాలి. వీలైతే ఆ నూనె కొద్దిగా తీయించాలి. నల్లగా ఉంటే పాతదని అర్థం. పాలు కలిపినట్టుంటే నీళ్ళు చేరేయని అర్థం. నూనె తీసే బిరడాకి అయస్కాంతం ఉంటే దానికి సన్నని ముద్దలా అంటుకోవడం మామూలే. ఇనప రేకులు మెరిశాయా, అక్కణ్ణుంచి నమస్కారం పెట్టి వచ్చెయ్యాలి. ఇంతకీ అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "వెనక పెట్టెలో నూనె ఎప్పుడు మార్చేరు?"

అడిగేను. "అది మార్చక్కర్లేదండి, షాఫ్టు కదా" అన్నాడు వ్యాపారి.

ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. వానలు తగ్గేక చూద్దాంలే అన్నట్టుంది. షాఫ్టుకి తడవ తడవకీ నూనె రాయక్కర్లేదు గాని పెట్టెలోది ఆయా కంపెనీలు చెప్పిన గడువుకి, అంటే పది ఇరవై వేల కిలోమీటర్లకోసారి, మార్చవలసిందే. మార్చకపోతే చైనులాగే అదీ అరుగుతుంది. చైను చప్పుడు చేసి, సాగి, కళ్ళకి కనపడుతూ అరుగుతుంది. ఇది లోపల్లోపల అరుగుతుంది. రబ్బరు తొడుగు దగ్గర వేలు పెట్టేను. చెమ్మగా తగిలింది.

ఇక బండి ఎక్కి స్టాండు తీయబోయేను. కదిలితే ఒట్టు. 230 కిలోలట. బావమరిదీ, వ్యాపారీ చెరో పక్కా పట్టుకుంటే నిలబెట్టగలిగేను. వెనక సీటు ఎంత ఎత్తుందో చూస్తే మా అమ్మ ఎక్కాలంటే అరుగు కావాలి. అల్లవరం దగ్గర తడిసిన గట్టు మీద అది ఒక పక్కకి ఒరిగిందంటే లేపడానికి ఊరు కదలాలి. పైగా హైదరాబాదు బండి. 2014 జూన్ 2 తర్వాత అది మనకి వేరే రాష్ట్రపు బండి. అక్కడ ఫారం 28తో అభ్యంతరం లేదన్న పత్రం తేవాలి, ఫారం 29, 30ల మీద సంతకాలు కావాలి, ఇక్కడ జీవితపన్ను కట్టాలి. పదిహేనేళ్ళు నిండగానే రిజిస్ట్రేషను మళ్ళీ చేయించాలి. అంటే ఇంకో మూడేళ్ళకే.

ఊరికి వచ్చేక మా మెకానిక్కుకి అంతా చెప్పేను. ఆఖరికి ఒక ప్రశ్న వేశాడు.

"ఆ పెట్టె పోతే ఎవరిప్పుతారండీ?"

"నువ్వు విప్పలేవా?"

"ఇప్పుతానండి. ఇప్పడానికేముంది? సామానెక్కడిదండీ? పట్నంనించి తెప్పించాలి. అది ఎప్పుడొస్తాదో తెలీదు. ఈలోగా మీరు బస్సులోనే కదండి తిరగాలి. ఇక్కడ చైనైతే అరగంటండి. ఆయ్!"

ఆ "ఆయ్"తో నా దీర్ఘసమాసం విడిపోయింది. రోజూ ఎక్కే బండికి మొదటి గుణం, పక్కనున్న మెకానిక్కు దాన్ని విప్పి బిగించగలగడం. మిగతా గుణాలన్నీ తర్వాతివే. పెద్ద ఊళ్ళో ఉండి, వందల కిలోమీటర్ల ప్రయాణాలు చేసేవారికీ, కంపెనీ వర్క్‌షాపు దగ్గర్లో ఉన్నవారికీ షాఫ్టు మంచి తోడు. నాకు కాదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకి ఫీజు డబ్బు సంగతి చెప్పేను. ఆవిడ మజ్జిగ వడ్డిస్తూ ఆగి, "ఎంత తీసేరు?" అంది. తియ్యలేదన్నాను. "తియ్యబోయేరన్నమాట" అంది. అంతకంటె ఏమీ అనలేదు. అనకపోవడం ఆవిడ వ్యాకరణంలో ఒక లకారం.

తర్వాత ముగ్గురం కూర్చుని, చేతిలో ఉన్న దారులు చూసేం. ఒకటి, చైను మొత్తం డబ్బాలో మూసి ఉండే చిన్న మోటారు సైకిలు. పాలవాళ్ళూ, పోస్టుమాన్లూ ఏళ్ళ తరబడి తిప్పేవి. పెద్ద చక్రాలు, తక్కువ పెట్రోలు. "మీరొక్కరే అయితే ఇదేనండి" అని మా మెకానిక్కు ఓటు. రెండు, నాన్న నడిపినలాంటి పాత చేతక్. ఆ పాత రకం తయారీ ఆగిపోయి చాలాకాలమైంది. 2020లో అదే పేరుతో కరెంటు స్కూటరు వచ్చింది గాని అది వేరే బండి. మూడు, ఆ కరెంటు స్కూటర్లే. 2025 అక్టోబరులో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో దీపాలు ఆరిపోయేయి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రాత్రి, డాక్టరు అవసరమైతే ఎలాగన్నది మా ఆవిడ సందేహం. నాలుగు, గేర్లు మార్చక్కర్లేని పెట్రోలు స్కూటరు. దానికి చైను లేదు. మూసిన పెట్టెలో రబ్బరు బెల్టు, దాని వెనక నూనెలో తిరిగే గేర్లు. బెల్టు తెగితే సాధారణంగా ఇంజను వట్టినే మోగుతుంది, బండి మెల్లిగా ఆగుతుంది. అమ్మ పక్కకి తిరిగి కూర్చోడానికి వీలైన వెడల్పు సీటు, ఎక్కడానికి తగినంత పొట్టి.

లోపాలూ ఉన్నాయి. చక్రాలు చిన్నవి, గుంటలో ఎక్కువ దిగుతాయి. అందుకని నలభై దాటనివ్వకూడదు. వరదనీరు కాలు పెట్టుకునే పలక ఎత్తుకి వచ్చిందంటే బండిని దింపకూడదు. నీళ్ళు బెల్టు పెట్టెలోకి పోతే బెల్టు జారుతుంది. చిన్న చక్రాలు మన రోడ్లకి పనికిరావని నవంబరులో తీర్మానించినవాణ్ణి నేనే. జనవరిలో ఆ తీర్మానం నేనే రద్దు చేసుకున్నాను.

అమలాపురంలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దమనిషి పిల్లల దగ్గరికి బెంగుళూరు వెళ్ళిపోతూ తన స్కూటరు అమ్ముతున్నాడని తెలిసింది. నాలుగేళ్ళ బండి, 21,000 కిలోమీటర్లు తిరిగింది. 48,000 రూపాయలు. సర్వీసు బిల్లులన్నీ ఫైలులో వరసగా పెట్టి ఉంచేడు. బండికంటె ముందు ఆ ఫైలే నాకు నచ్చింది. బెల్టు మార్చిన బిల్లు మాత్రం అందులో లేదు. అడిగితే, "మార్చలేదండి. మార్చే వేళైంది, మీరు మార్పించుకోండి" అని ధరలో రెండువేలు తగ్గించేడు. నిజం చెప్పే అమ్మకందారు దొరకడం షాఫ్టు కంటె మేలు. కాగితాలు చూసుకుని, బీమా మార్పించుకుని, మా మెకానిక్కు చేత కొత్త బెల్టూ, కొత్త గేరు నూనే వేయించేను. పాత మోటారు సైకిలు అతనే ఒక కుర్రాడికి ఇప్పించేడు. చైను సంగతి, లాకు సంగతి ఆ కుర్రాడికి దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పేను. పాఠం చెప్పినట్టే చెప్పేను. విన్నాడో లేదో.

సంక్రాంతి వెళ్ళేక ఒక ఉదయం బండి వాకిట్లో పెట్టి అమ్మని పిలిచేను. ఆవిడ తిన్నగా ఎక్కలేదు. వంగి వెనక చక్రం చుట్టూ చూసింది.

"గొలుసేదిరా?"

"లేదమ్మా. లోపల రబ్బరు బెల్టుంది."

"అది తెగదూ?"

తెగదని చెబుదామని నోటిదాకా వచ్చింది. "తెగుతుందమ్మా. సమయానికి మార్చకపోతే ఏదైనా తెగుతుంది. ఎన్ని కిలోమీటర్లకి మార్చాలో, అది ఏ నెలలో వస్తుందో లెక్కకట్టి క్యాలెండరు మీద రాసేను" అన్నాను. లోపలికి తీసుకెళ్ళి చూపించమంది. చూపించేను. అద్దాలు సవరించుకుని చదువుకుని, అప్పుడు ఎక్కింది.

డాక్టరుగారు పరీక్ష చేసి, కంట్లో ఒత్తిడి పెరిగిందన్నారు. రెండు నెలలు ఆలస్యం చేశారేమని అడిగేరు. అమ్మ నావైపు చూసింది, నేను అమ్మవైపు చూసేను. ఇంకో రకం చుక్కలు కలిపి రాసిచ్చేరు. ఎడమకంటి చూపు అంచున కొంత తగ్గిందన్నారు. మిగిలింది నిలుపుకోవాలన్నారు. దారిలో ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. చైను చప్పుడు విని ఊరుకున్న రెండు నెలలూ, ఆ భయంతో అమ్మ ఇల్లు కదలని రెండు నెలలూ నా లెక్కలో పక్కపక్కనే కూర్చున్నాయి.

ఇంటికి వచ్చేక అమ్మ క్యాలెండరు దగ్గర నిలబడి, బెల్టు మార్చవలసిన తేదీకంటె ముందు కళ్ళాస్పత్రి తేదీ రాయమంది. రాసేను. అన్నట్టు, దారిలో అమలాపురం బజారులో కొత్త చెప్పులు కొనుక్కుంది. ఈసారి మడమ వెనక పట్టీ ఉన్నవి ఎంచుకుంది.